ప్రీనప్ మన దేశంలో చెల్లుతుందా? ఏ కాగితానికి ఎంత బలం ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో బ్యాంకు లోనుతో సొంత డెంటల్ క్లినిక్ నడుపుతున్నారు. కాబోయే ఆయన పేరు మీద ఒక ఫ్లాటు ఉంది. దాని ఈఎంఐలు ఇంకా చాలా ఏళ్లు కట్టాలి, పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి కడదామనుకుంటున్నారు. మీ నాన్నగారు ఊళ్లో ఎకరం పొలం పసుపు కుంకుమ కింద ఇస్తానంటున్నారు. రెండేళ్లలో అమెరికా వెళ్లే అవకాశం ఉంది. లెక్కలు ముందే రాసుకోవడం మీ ఇద్దరికీ ఇష్టమే, పెద్దవాళ్లే బాధపడుతున్నారు. ప్రీనప్, అంటే పెళ్లికి ముందే ఆస్తులు, అప్పుల గురించి రాసుకునే ఒప్పందం, ఇండియాలో అసలు చెల్లదని ఒకరు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలి, పెళ్లయ్యాక రాసుకుంటే మేలా అన్నది మీ ప్రశ్న.

ఆ ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. హిందూ వివాహ చట్టం, 1955లో గానీ ప్రత్యేక వివాహ చట్టం, 1954లో గానీ ఇలాంటి ఒప్పందాలను గుర్తించే సెక్షన్ లేదు, నిషేధించే సెక్షనూ లేదు. కాబట్టి కోర్టు దాన్ని మామూలు కాంట్రాక్టుగానే చూస్తుంది. విడిపోతే ఎవరు ఏం చేయాలో చెప్పే షరతులకు బలం చాలా తక్కువ. ఏ ఆస్తి ఎవరిది, ఏ అప్పు ఎవరిది అని తేల్చే భాగం సరైన దస్తావేజు రూపంలో ఉంటే దానికి పూర్తి బలం ఉంటుంది. అందుకే నా దగ్గరకు వచ్చే జంటలకు నేను ఒక్క పెద్ద ప్రీనప్ రాయను. ఆ పనినే నాలుగైదు వేరువేరు కాగితాలుగా విడగొట్టి, ఒక్కోటీ దాని చట్టం ప్రకారం నిలబడేలా చేయిస్తాను. మీకూ అదే చెప్తాను.

ముందు ఎందుకు చెల్లదో చూద్దాం. కాంట్రాక్టు చట్టం, 1872లో 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. భార్యాభర్తలు కలిసి బతకబోతున్న సమయంలో విడిపోవడానికి ధర కట్టే షరతును కోర్టులు ఈ లెక్కలోనే చూస్తూ వచ్చాయి. "రేపు విడిపోయినా మనోవర్తి (భరణం) అడగను" అని రాసిచ్చినా ఆ హక్కు పోదు. నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షన్ కింద, అంటే ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 144 కింద, మనోవర్తి అడగవచ్చు. మనోవర్తి వదులుకుంటూ రాజీ కుదుర్చుకున్న భార్య తర్వాత మళ్లీ అడగకుండా ఆ రాజీ అడ్డుపడదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న షరతూ అంతే. అది పిల్లల మేలు చూసి కోర్టు నిర్ణయించేది, తల్లిదండ్రులు పెళ్లికి ముందే రాసుకునేది కాదు. "గొడవ వస్తే ఇద్దరం పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటాం" అని రాసుకున్నా, హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇచ్చిన అంగీకారాన్ని డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఈ తేడా కొత్తదేం కాదు. పెళ్లయ్యాక భార్యను పుట్టింటి నుంచి తీసుకెళ్లనని భర్త ముందే రాసిచ్చిన ఒప్పందం చెల్లదని కలకత్తా హైకోర్టు 1901లోనే తీర్పు ఇచ్చింది. మన వైపు రెడ్లలోనూ కమ్మవారిలోనూ ఇల్లరికం అల్లుడికి ఆస్తిలో వాటా ఇస్తామన్న మాటను మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టులు అంతకుముందే ఆచారంగా గుర్తించి నిలబెట్టాయి. కాపురం ఎలా సాగాలో శాసించే ఒప్పందం పడిపోయింది, ఆస్తి ఎవరికి చెందాలో చెప్పిన ఒప్పందం నిలిచింది. మీ పెద్దవాళ్లకు నచ్చజెప్పడానికి కూడా ఇది పనికొస్తుంది. పెళ్లికి ముందు ఆస్తుల మాట తేల్చుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. వాళ్లను బాధపెడుతున్నది విడాకుల మాట. ఆ మాట లేకుండానే మీకు కావలసిన రక్షణలో చాలా భాగం దొరుకుతుంది.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక భ్రమ గురించి చెప్పాలి. విడాకులైతే ఆస్తి సగం సగం అవుతుందని అనుకుంటారు. అది కాలిఫోర్నియా లాంటి చోట్ల చట్టం. మన దగ్గర, గోవాలో తప్ప, హిందువులకు దంపతుల ఉమ్మడి ఆస్తి అనే భావనే లేదు. ఎవరి పేరు మీద ఉన్నది వారిది. విడాకుల సమయంలో భార్యకు భర్త ఆస్తిలో వాటా ఇవ్వాలన్న సవరణ బిల్లు 2013లో రాజ్యసభలో గట్టెక్కింది గానీ లోక్‌సభలో ఆగిపోయి మురిగిపోయింది. కాబట్టి అమెరికాలో ప్రీనప్ సంపాదించేవారి ఆస్తిని పంపకం నుంచి కాపాడటానికి రాస్తారు. మన దేశంలో ప్రమాదం అవతలి వైపు ఉంది: ఎవరి పేరు కాగితం మీద లేదో వాళ్లే నష్టపోతారు. నేను చూసిన కేసుల్లో ఆ నష్టపోయినవాళ్లు ఎక్కువగా ఉద్యోగం చేసే భార్యలే.

మీ విషయంలో అసలు చూడాల్సింది ఆ ఫ్లాటు. బ్యాంకువాళ్లు మీ ఆదాయం కూడా చూపించి లోను పెంచుకోమంటారు, మిమ్మల్ని కో-అప్లికెంటుగా సంతకం పెట్టమంటారు. ఆ సంతకంతో అప్పు భారం మీ మీద పడుతుంది, ఫ్లాటులో హక్కు రాదు. హక్కు రావాలంటే సేల్ డీడ్‌లో మీ పేరు ఉండాలి. ఫ్లాటు ఇప్పటికే ఆయన పేరు మీద రిజిస్టరై ఉంది కాబట్టి మీ వాటాకు ఆయన గిఫ్ట్ డీడో సెటిల్‌మెంట్ డీడో రాసి రిజిస్టర్ చేయించాలి. తాకట్టులో ఉంది కాబట్టి బ్యాంకు అనుమతి ముందు తీసుకోవాలి. దస్తావేజులో వాటా ఎంతో శాతంలో రాయించండి. ఇద్దరూ వేరువేరుగా డబ్బు పెట్టి కొన్న ఆస్తిలో ఎవరి వాటా ఎంతో రాయకపోతే, ఎవరు ఎంత పెట్టారో రుజువైతే ఆ నిష్పత్తిలో, రుజువు కాకపోతే సమానంగా అని ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. రుజువులు వెతుక్కునే స్థితి రాకుండా చూసుకోవడం మంచిది.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టే వివరాలు లేకుండా. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఫ్లాటు భర్త పేరు మీద ఉంది. "ఈఎంఐ ఆయన కడతారు, ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు, పనివాళ్ల జీతాలు నేను చూసుకుంటా" అని ఆమె ఒప్పుకున్నారు. వినడానికి ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు లేదనిపిస్తుంది. ఏళ్లు గడిచాక ఆయనకు అప్పు తీరిన ఫ్లాటు మిగిలింది, ఆమెకు సూపర్‌మార్కెట్ బిల్లులు మిగిలాయి. మధ్యలో ఒకసారి, ఫ్లాటులో ఆమెకు 40 శాతం ఉందని తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసుకున్నారు. అది రిజిస్టర్ కాలేదు. స్థిరాస్తిలో హక్కు కల్పించే కాగితం రిజిస్టర్ కాకపోతే ఆ హక్కును రుజువు చేసే సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. చివరికి మీడియేషన్‌లో ఆమెకు కొంత మొత్తం వచ్చింది. అది ఆ కాగితం బలంతో కాదు, ఇంటి ఖర్చులన్నీ ఆమె ఖాతా నుంచే వెళ్లాయని బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించడం వల్ల. ఆయన చెడ్డవారేం కాదు. ఆ రోజు నిజంగానే ఇవ్వాలనుకుని సంతకం పెట్టారు. రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లే పని మాత్రం రేపు చూద్దాంలే అని వదిలేశారు.

కాబట్టి మీరు మూడింటిలో ఒకటి ఎంచుకోండి. వాటా రిజిస్టర్ చేయించుకుని ఈఎంఐలో భాగం కట్టవచ్చు. లేదా ఈఎంఐ జోలికి పోకుండా, ఖర్చులు ఇద్దరూ సమానంగా పంచుకుని, మిగిలినది మీ పేరు మీద పొదుపు చేసుకోవచ్చు. లేదా మీరు కట్టే డబ్బును అప్పుగా రాసుకోవచ్చు. అప్పు అయితే ప్రోనోటు గడువు మూడేళ్లేనని మరచిపోవద్దు. గడువు తీరకముందే కొంత చెల్లుపెట్టించో, బాకీ ఉందని మళ్లీ సంతకం చేయించో దాన్ని బతికించుకోవాలి. భార్యాభర్తల మధ్య ఇవన్నీ ఎందుకులే అని ఊరుకున్న ప్రోనోట్లు చాలా కాలం చెల్లిపోయాకే నా దగ్గరకు వస్తాయి.

పొలం సంగతి. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చి, పాస్ పుస్తకం మాత్రం నాన్నగారి పేరు మీదే ఉంచడం ఊళ్లలో మామూలు. ఆయన తర్వాత అన్నదమ్ములతో తగాదా వచ్చేది అక్కడే. స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. నేరుగా మీ పేరు మీదే గిఫ్ట్ డీడ్ రాయించండి, రెవెన్యూ రికార్డులో మీ పేరు ఎక్కించుకోండి. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది మీ సంపూర్ణ ఆస్తి అవుతుంది. దాన్ని ఆయనతో రాసుకునే ఏ ఒప్పందంలోనూ పెళ్లి షరతుగా రాయకండి. "అమ్మాయి తరఫువారు పెళ్లి సందర్భంగా ఇవ్వవలసినది" అని ఎక్కడైనా కనిపిస్తే అది కట్నం ఒప్పందంలా చదువుకోవడానికి వీలిస్తుంది. అలాంటి ఒప్పందం చెల్లదని వరకట్న నిషేధ చట్టం, 1961 చెబుతుంది, ఇవ్వడం కూడా నేరమే. ఇంటర్నెట్‌లో దొరికే ప్రీనప్ నమూనాల్లో ఈ జాగ్రత్త ఉండదు, ఎందుకంటే అవి వేరే దేశాల్లో రాసినవి.

బంగారం, కానుకల గురించి మన చట్టంలోనే ఒక మంచి ఏర్పాటు ఉంది, ఎవరూ వాడరు. కానుకల జాబితాల గురించి 1985లో నిబంధనలు వచ్చాయి. పెళ్లి సమయంలో గానీ, ఆ వెంటనే గానీ వధువుకు వచ్చినవి ఒక జాబితా, వరుడికి వచ్చినవి ఒక జాబితా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అన్నవి రాసి రెండు జాబితాల మీదా ఇద్దరూ సంతకాలు చేయాలి. ఎవరి జాబితా వారి దగ్గర ఉంటుంది. స్త్రీధనం భార్య సొంతమని, అత్తింట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. అయినా ఏ నగ ఎవరిదన్న తగాదాలు నాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే జాబితా ఉండదు. నగల బిల్లులు, ఫొటోలు ఆ జాబితాకు జతచేయండి. లాకరు మీ పేరు మీద తీసుకోండి.

క్లినిక్ మీ ఒక్కరిదే, మీరే యజమాని. కొత్త కుర్చీకో ఎక్స్‌రే యంత్రానికో ఆయన డబ్బు ఇస్తే అది కానుకా, అప్పా, పెట్టుబడా అన్నది ఆ రోజే ఈమెయిల్‌లోనైనా రాసుకోండి. పెట్టుబడి అయితే పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోవాలి. మీ క్లినిక్ లోనుకు ఆయన హామీదారుగా ఉంటే, మీ అప్పు ఆయన మెడకు చుట్టుకునే అవకాశం ఉందని ఆయనకు ముందే తెలియాలి. న్యాయం రెండు వైపులా ఉండాలి కదా. హిందూ వివాహ చట్టంలో మనోవర్తి అడిగే హక్కు భర్తకూ ఉంది.

ఇవన్నీ అయ్యాక, ఇద్దరి ఆస్తులు, అప్పులు, జీతాలు, తల్లిదండ్రులకు పంపే డబ్బు, ఇంటి ఖర్చుల పంపకం చెప్పే ఒక ఒప్పందం రాసుకోవచ్చు. దీన్ని నేను వద్దనను. కోర్టు దాన్ని అక్షరాలా అమలు చేయకపోయినా, పెళ్లినాటికి ఎవరి దగ్గర ఏముందో చెప్పే సాక్ష్యంగా చూస్తుంది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పుడు ఈ జాబితా ఎంత పనికొస్తుందో ఊహించండి. అంతకన్నా ముఖ్యంగా, అది రాసేటప్పుడే ఆయనకు తమ్ముడి చదువు అప్పు ఉందని మీకు తెలుస్తుంది, క్లినిక్ ఇంకా లాభాల్లోకి రాలేదని ఆయనకు తెలుస్తుంది.

సంతకం ఎలా పెట్టారన్నది, ఏం రాశారన్నదానికి తక్కువేం కాదు. ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న సంతకం నిలవదు. పెళ్లికి మూడు రోజుల ముందు, శుభలేఖలు పంచేశాక, మనోవర్తి అడగనని అమ్మాయి చేత రాయించమని ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. నేను రాయలేదు. అది చెల్లకపోగా, పెళ్లికొడుకు కుటుంబం ఎంత ఒత్తిడి పెట్టిందో చూపించే కాగితంగా తర్వాత వాళ్లకే ఎదురు తిరుగుతుందని చెప్పి పంపాను. ఎవరి వకీలు వాళ్లకు ఉండాలి. ముహూర్తానికి కనీసం నెల రెండు నెలల ముందే పని పూర్తి కావాలి. ఒకరికి ఇంగ్లిషు అంత బాగా రాకపోతే కాగితం తెలుగులో ఉండాలి. నోటరీ ముద్ర మాత్రం సంతకం మీదేనని చెబుతుంది, అంతకు మించి దానికి శక్తి లేదు.

పెళ్లయ్యాక రాసుకోవడం గురించి. "భవిష్యత్తులో విడిపోతే" అనే షరతులకు పెళ్లి ముందైనా తర్వాతైనా ఒకే బలహీనత. కానీ భార్యాభర్తలు ఒకరికొకరు ఆస్తి రాసిచ్చుకోవడానికి, అప్పివ్వడానికి, భాగస్వాములు కావడానికి ఏ అడ్డూ లేదు. నిజంగానే విడిగా ఉంటూ, ఇకపై విడిగానే ఉండాలనుకున్నప్పుడు రాసుకునే ఒప్పందం వేరు. దానికి బలం ఉంది, దాన్నే 13బి పిటిషన్‌లో పెట్టి డిక్రీలో చేర్పిస్తాం. పన్ను విషయం కూడా చూసుకోండి. ప్రతిఫలం లేకుండా భార్యకో భర్తకో ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయం ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. విడిగా ఉండే ఒప్పందంలో భాగంగా ఇస్తే మాత్రం కలవదు.

పెళ్లి తర్వాతి దస్తావేజులు నిజంగా ఇంటిని నిలబెట్టేది రెండో పెళ్లిళ్లలో అని నా నమ్మకం. భార్య పోయిన ఒక రిటైర్డ్ ఉద్యోగి, భర్త పోయిన ఒక టీచరు, ఇద్దరికీ పెద్ద పిల్లలు. ఇల్లు ఎవరికి పోతుందోనని పిల్లల భయం, ఆయన తర్వాత తనను బయటికి పంపేస్తారేమోనని ఆమె భయం. బ్యాంకు డిపాజిట్లు ఆమెకు వీలునామాలో రాశారు. ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు ఆమెకు, తర్వాత ఇల్లు ఆయన పిల్లలకు అని సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేశారు. ఇక్కడ వకీలు చాలా జాగ్రత్తగా ఉండాలి. మనోవర్తికి బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, పరిమిత హక్కు అని రాసినా అది స్త్రీకి సంపూర్ణ హక్కుగా మారుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అందుకే ఆమె పోషణకు డిపాజిట్లు విడిగా చూపించి, ఇంటి హక్కు దానికి బదులు కాదని స్పష్టంగా రాశాం. ఆ రెండు కుటుంబాలూ ఇప్పటికీ పండగలకు కలుస్తున్నాయి.

వ్యాపారం చేసే భర్తలకు ఇంకో మాట. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 కింద భార్యాపిల్లల పేరున తీసుకున్న జీవిత బీమా పాలసీ వాళ్ల ట్రస్టు ఆస్తి అవుతుంది, ఆయన అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి. ఏ ప్రీనప్ షరతు కన్నా ఇది గట్టిది. నామినీగా పేరు రాస్తే చాలనుకోవద్దు. నామినీ సాధారణంగా డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు. వీలునామా వేరే రాయాలి.

ఇతర మతాలవారికి లెక్క కొంత వేరు. ముస్లిం వివాహంలో నికానామా, అంటే పెళ్లి పత్రమే ఒప్పందం. మెహర్‌తో (వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ముతో) పాటు చట్టానికి విరుద్ధం కాని షరతులు అందులో రాసుకోవచ్చు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 40వ సెక్షన్ పెళ్లికి ముందు, తర్వాత చేసుకున్న ఆస్తి ఏర్పాట్లను కోర్టు పరిశీలించవచ్చని నేరుగానే చెబుతుంది. గోవాలో పోర్చుగీసు కాలపు చట్టం వల్ల పెళ్లికి ముందు ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఉమ్మడి అవుతుంది.

ఇక అమెరికా. అక్కడికి వెళ్లి స్థిరపడితే మీరున్న రాష్ట్రం చట్టం రంగంలోకి వస్తుంది. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఉంటే పెళ్లి తర్వాత సంపాదించినది, ఎవరి పేరు మీద ఉన్నా, సాధారణంగా ఇద్దరిదీ. కాలిఫోర్నియాలో ప్రీనప్ తుది ప్రతి చేతికిచ్చాక సంతకానికి కనీసం ఏడు రోజుల గడువు ఉండాలి, మనోవర్తి వదులుకునే షరతు చెల్లాలంటే వదులుకునేవారికి సొంత లాయరు ఉండి తీరాలి. మీరు హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా) మీద వెళ్తే, ఆయన గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం లాంటి దశ దాటేదాకా మీకు పని చేసే అనుమతి రాదు. క్లినిక్ మూసేసి వెళ్లే మనిషి మనోవర్తి వదులుకుంటూ సంతకం పెట్టకూడదు. తర్వాత ఎవరైనా మీకు ఐ-864 ఫారంతో గ్రీన్‌కార్డుకు పూచీ ఇస్తే, ఆ పూచీని ప్రీనప్ రద్దు చేయలేదని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు 2016లో చెప్పింది. అక్కడి విడాకుల డిక్రీ ఇక్కడ దానంతటదే చెల్లుబాటు అయిపోదు కూడా. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను మన సుప్రీంకోర్టు 1991లో గుర్తించలేదు. అందుకని అక్కడికి వెళ్లిన మొదటి ఏడాదిలోనే ఆ రాష్ట్రపు లాయరుతో పోస్ట్‌నప్ (పెళ్లయ్యాక రాసుకునే ఒప్పందం) అవసరమో కాదో మాట్లాడండి. ఇక్కడ రాసుకున్న ఆస్తుల జాబితా వెంట తీసుకెళ్లండి.

ఈ వారంలో ఇక్కడి వకీలును కలిసేటప్పుడు ఫ్లాటు సేల్ డీడ్, లోను శాంక్షన్ లెటరు, ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపించే ధ్రువపత్రం), క్లినిక్ లోను కాగితాలు, ఇద్దరి మూడేళ్ల ఐటీ రిటర్నులు, పొలం పాస్ పుస్తకం, నాన్నగారికి ఆ పొలం ఎలా వచ్చిందో చూపించే లింక్ డాక్యుమెంట్లు పట్టుకెళ్లండి. పొలం పిత్రార్జితమైతే ఆయన ఒక్కరే గిఫ్ట్ రాయడానికి వీలుందో లేదో ముందే తేల్చుకోవాలి. అవసరమైతే మీ అన్నదమ్ముల సంతకాలు కూడా ఆ దస్తావేజులోనే తీసుకోవాలి.